వెయ్యి రూపాయల లోపు గట్టి బేస్: కేజెడ్ ఈడీఎక్స్ ప్రో వాడకంలో తెలిసిన సంగతులు

తక్కువ ధరలో గట్టి బేస్ ఇచ్చే ఇయర్‌ఫోన్స్ ఏవని అడిగేవారికి నేను మొదట చెప్పేది ఒకటే: కంపెనీ పేరు చూసే ముందు, చెవిలోకి దూరే ఆ చిన్న సిలికాన్ టిప్పు మీ చెవికి సరిపోతుందో లేదో చూసుకోండి. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రైల్లో వెళ్లివచ్చే ఉద్యోగం కావడంతో నాకు రోజూ చాలాసేపు పాటలతోనే గడుస్తుంది. ఆ ప్రయాణాల్లో చాలాకాలంగా వాడుతున్నది కేజెడ్ అనే కంపెనీ వారి ఈడీఎక్స్ ప్రో అనే వైరు ఇయర్‌ఫోన్స్. నేను కొన్నప్పుడు దీని ధర వెయ్యి లోపే ఉంది.

ఇందులో ఒక్కో వైపు 10 మిల్లీమీటర్ల డైనమిక్ డ్రైవరు, అంటే శబ్దాన్ని పుట్టించే చిన్న స్పీకరు, ఒకటి ఉంటుంది. బేస్, ట్రెబుల్ (సన్నని, పదునైన శబ్దాలు) రెండూ ముందుకు వచ్చి, గాయకుల గొంతు కొద్దిగా వెనక నిలబడేలా దీన్ని ట్యూన్ చేశారు. బేస్ ఎంత ఉందన్నదానికన్నా అది ఎంత అదుపులో ఉందన్నదే నాకు ముఖ్యం. దాన్ని తేల్చుకోవడానికి మన డోలు, డప్పులను మించిన పరీక్ష లేదు. ఒగ్గు కథ రికార్డింగులో డోలు మీద దెబ్బ పడినప్పుడు ముందు కర్ర తగిలిన చప్పుడు, ఆ వెంటనే లోపలి నుంచి వచ్చే గుమ్మనే మోత, రెండూ ఇందులో విడివిడిగా తెలుస్తాయి. డప్పు సంగతి వేరు. దాని బలం లోతులో కాదు, సిర్ర, చిటికెన పుల్ల అనే రెండు కర్రలు వేసే దెబ్బల చురుకులో ఉంటుంది. బేస్ ఉబ్బిపోయిన చవక రకాల్లో ఆ దరువులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ముద్దగా వినిపిస్తాయి. ఇందులో దరువు వేగం పెరిగినా దెబ్బకు దెబ్బ లెక్క తప్పదు. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ నడకను వెంబడిస్తూ వినడం ఇష్టమైనవారికీ ఇది నచ్చుతుంది. గొంతు మాధుర్యమే ప్రధానంగా కర్ణాటక సంగీతం వినేవారు మాత్రం మరో రకం చూసుకోవడం మంచిది.

ఈ గుణాలన్నీ టిప్పు చెవిరంధ్రాన్ని పూర్తిగా మూసినప్పుడే బయటపడతాయి. డ్రైవరుకూ కర్ణభేరికీ మధ్య చిక్కుకున్న కొద్దిపాటి గాలిలో పుట్టే ఒత్తిడే మనకు బేస్‌గా వినిపిస్తుంది. గ్యాస్కెట్ సరిగా పట్టని కుక్కర్ కూత వేయనట్టే, సన్నని సందు ఉన్నా ఆ ఒత్తిడి నిలవదు. ముందుగా పోయేది 20 నుంచి 60 హెర్ట్జ్ మధ్య ఉండే లోతైన మోత. పైగా రైలు పెట్టె రొద కూడా ఎక్కువగా తక్కువ పౌనఃపున్యాల్లోనే ఉండటం వల్ల, ఆ సందులోంచి వచ్చి మిగిలిన బేస్‌ను కప్పేస్తుంది. చూసుకోవడం తేలిక: బేస్ బాగా ఉన్న పాట పెట్టి, రెండు ఇయర్‌ఫోన్స్‌నూ వేళ్లతో మెల్లగా లోపలికి అదిమి పట్టండి. అప్పుడు బేస్ ఒక్కసారిగా పెరిగితే మీ టిప్పు సైజు సరిపోలేదన్నమాట. కుడి చెవికి ఒక సైజు, ఎడమ చెవికి మరో సైజు పట్టడం కూడా మామూలే. ఫోమ్ టిప్పులు చెవి ఆకారానికి తగ్గట్టు ఉబ్బి ఇంకా బాగా మూస్తాయి, ట్రెబుల్ పదునును కాస్త తగ్గిస్తాయి. అయితే వరంగల్ ఎండల్లో చెమట పీల్చుకుని త్వరగా పాడవుతాయి కాబట్టి, వేసవిలో నేను కడిగి వాడుకోగల సిలికాన్ వాటికే మారతాను.

ఒక వైపు శబ్దం తగ్గితే ఇయర్‌ఫోన్స్ పోయాయని పారేయకండి. చాలాసార్లు గులిమి చేరి, గొట్టం చివరనున్న జాలీ మూసుకుపోవడమే కారణమై ఉంటుంది. టిప్పు తీసి, జాలీని కిందికి వంచి పట్టుకుని పొడి బ్రష్‌తో మెల్లగా తుడిస్తే సరిపోతుంది. వైరును విడదీయగలగడం ఈ ధరలో నిజంగా పెద్ద మేలు. ఇంతకుముందు నేను వాడిన మరో కంపెనీ సెట్టు పిన్ను దగ్గర వైరు తెగగానే మొత్తంగా పనికిరాకుండా పోయింది. ఇందులో 0.75 మిల్లీమీటర్ల టూ పిన్ వైరు ఒక్కటే మార్చుకోవచ్చు. ఫోన్‌కు 3.5 మిల్లీమీటర్ల జాక్ లేకపోతే టైప్ సి కన్వర్టర్ కావాలి. లోపల డీఏసీ చిప్ (ఫోన్ ఇచ్చే డిజిటల్ సంకేతాన్ని ఇయర్‌ఫోన్స్‌కు పనికొచ్చేలా మార్చేది) ఉన్నదాన్నే తీసుకోండి, అది లేని రకాలు చాలా ఫోన్లలో అసలు పనిచేయవు.

చెవి బాగా మూసుకుంటే రైల్లో కూడా సగం వాల్యూమ్ నాకు చాలు. దీన్ని నేను సౌకర్యం కింద కాదు, ఆరోగ్యం కింద లెక్కవేస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటలు వినవచ్చని చెబుతూ, 90 డెసిబెల్స్ వద్ద దాన్ని 4 గంటలకే పరిమితం చేసింది. బేస్ చాలలేదని వాల్యూమ్ పెంచేవారు తెలియకుండానే ఆ రెండో లెక్కలోకి వెళ్తారు. అంతకన్నా ఈక్వలైజర్‌లో (లోతైన, సన్నని శబ్దాలను విడివిడిగా పెంచి తగ్గించే సెట్టింగ్) 60 హెర్ట్జ్ దగ్గర రెండు మూడు డెసిబెల్స్ పెంచుకోవడం మేలు. ఇక బయటి శబ్దం ఇంతగా ఆగిపోతుంది కాబట్టి, ప్లాట్‌ఫాం మీద అడుగుపెట్టే ముందే ఇయర్‌ఫోన్స్ తీసి జేబులో పెట్టుకోవడం తప్పనిసరి.

ఇది మైకు ఉన్న రకంగానూ, లేని రకంగానూ దొరుకుతుంది. నేను పాటలకే వాడతాను కాబట్టి మైకు లేనిది తీసుకున్నాను. ఫోన్ మాట్లాడే అవసరం ఉన్నవారు ఆర్డర్ పెట్టేటప్పుడే చూసుకోవాలి.