వేలిముద్ర మెషీన్‌తో పాటు పేరోల్ సాఫ్ట్‌వేర్ కూడా అంటగడుతున్నారు, కొనేముందు ఇది చదవండి

షిఫ్టుల్లో పని నడిచే చిన్న యూనిట్ల వాళ్ల కోసం ఈ పోస్టు. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయే ఆఫీసు మీదైతే ఇందులో సగం తలనొప్పులు మీకు రావు. పాస్‌వర్డ్ గురించి రాసిన ముక్క మాత్రం చదవండి చాలు.

జీడిమెట్లలో మాది ప్లాస్టిక్ మోల్డింగ్ యూనిట్. మెషీన్లు ఆపితే మళ్లీ వేడెక్కేదాకా టైమూ మెటీరియలూ రెండూ వృథా, అందుకే మూడు షిఫ్టులు. పొద్దున ఆరు నుంచి రెండు, రెండు నుంచి రాత్రి పది, పది నుంచి తెల్లారి ఆరు. హాజరు రిజిస్టరు, ఎక్సెల్‌తో నెట్టుకొస్తుంటే 2024 వేసవిలో ఒక డీలర్ వచ్చి వేలిముద్ర మెషీను, దాంతో కలిపి ఇచ్చే పేరోల్ (జీతాల లెక్క) సాఫ్ట్‌వేర్ చూపించాడు. ‘నెలాఖరున ఒక్క బటన్ నొక్కండి సార్, జీతాల షీట్ వచ్చేస్తుంది’ అన్నాడు. షీట్ వచ్చిన మాట నిజమే. అందులో అంకెలే ఎవరివో అర్థం కాలేదు. గొడవ ఇంకా తేలలేదు కాబట్టి పేరు రాయడం లేదు.

అసలు దెబ్బ నైట్ షిఫ్టు దగ్గర పడింది. ఆ సాఫ్ట్‌వేర్‌కు రోజంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకే. ఆ రోజు మొదటి పంచ్ (మెషీన్ మీద వేలు పెట్టడం) ‘ఇన్’, చివరి పంచ్ ‘అవుట్’, అంతే దానికి తెలిసింది. మా సీ షిఫ్టు (రాత్రి పది షిఫ్టు) ఆపరేటర్ 3వ తేదీ రాత్రి 9:52కి పంచ్ కొట్టి లోపలికి వచ్చాడు. ఆ తేదీలో ఇంకో పంచ్ లేదు కాబట్టి ‘మిస్ పంచ్’ అని సగం రోజు కోత. 4వ తేదీ పొద్దున 6:04కి ఇంటికి వెళ్తూ కొట్టింది ‘ఇన్’ అయింది, అదే రాత్రి 9:55కి మళ్లీ డ్యూటీకి వస్తూ కొట్టింది ‘అవుట్’ అయింది. అంటే 15 గంటల 51 నిమిషాల పని! మనిషి ఇంట్లో పడుకున్న టైమంతా డ్యూటీ, ఓటీ (ఓవర్‌టైమ్) కింద వచ్చింది. లోపల మెషీను మీద నిలబడ్డ టైము ఎక్కడా లేదు.

ఫోన్ చేస్తే ‘అది రూల్ సెట్టింగ్ సార్, బ్యాకెండ్ టీమ్‌కు మెయిల్ పెట్టండి’ అన్నారు. పెట్టాం. వాళ్లు చేసిన రిపేరేంటంటే, అందరికీ రోజుకు గరిష్ఠంగా 8 గంటలని సీలింగ్ పెట్టేశారు. దాంతో పడుకున్న ఓటీ పోయింది, నిజంగా చేసిన ఓటీ కూడా దాంతోనే పోయింది. ఆ నెల జీతం చీటీలు పట్టుకుని మనుషులు నా టేబుల్ ముందు నిలబడ్డారు. ‘సార్, ఆదివారం కూడా వచ్చి చేశాను గదా, నా ఓటీ ఏది?’ అని ఒకాయన అడిగితే ‘సాఫ్ట్‌వేర్ అలా చూపిస్తోంది’ అని ఎలా చెప్తాం? పాత రిజిస్టరు తీసి, చేత్తో లెక్కేసి, తేడా డబ్బులు విడిగా ఇచ్చాం.

తర్వాత మా అకౌంటెంట్ ఒక్కో కాలమ్ తవ్వడం మొదలుపెట్టింది. టూల్ రూమ్ వాళ్లది జనరల్ షిఫ్టు, రోజుకు 8 గంటల 30 నిమిషాలు. రిపోర్టులో అది 8.30 అని పడుతోంది, నెల మొత్తం కూడేటప్పుడు మామూలు దశాంశంలా కూడేస్తోంది. 26 రోజులకు రావాల్సింది 221 గంటలు, అది చూపించింది 215.80. చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ ఒక్కొక్కరికి 5 గంటలకు పైనే ఎగిరిపోయింది, అదీ ఎవరికీ అనుమానం రాని చోట. నన్నడిగితే నైట్ షిఫ్టు తప్పు కంటే ఇదే ప్రమాదం. అది కొట్టొచ్చినట్టు కనబడుతుంది, ఇది ఏడాదంతా నడిచిపోతుంది.

ఓటీ రేటు ఇంకో కథ. డిఫాల్ట్‌గా నెల జీతాన్ని 30తో, తర్వాత 8తో భాగించి అదే రేటు ఇచ్చేస్తోంది. అప్పటి ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ ప్రకారం ఓటీకి రెట్టింపు ఇవ్వాలి, పాత కార్మిక చట్టాల బదులు 2025లో వచ్చిన లేబర్ కోడ్‌లలోనూ రెట్టింపే. పైగా మాది 26 రోజుల లెక్క. 18,000 జీతం ఉన్నవాడు 20 గంటలు ఓటీ చేస్తే మా లెక్కలో 3,461 రూపాయలు వస్తుంది, సాఫ్ట్‌వేర్ లెక్కలో 1,500. రెట్టింపు చేయమంటే ‘అది ప్రీమియం ప్లాన్‌లో ఉంది సార్’. చట్టంలో ఉన్నదానికి ప్రీమియం ఏంటో!

పోరాడి రేటు మార్పించుకుంటే ఈఎస్ఐ (జీతం పరిమితి లోపు ఉన్నవాళ్లకు వర్తించే కార్మికుల ఆరోగ్య బీమా) దగ్గర పేలింది. 18,000కు ఓటీ కలిపి 21,461 అయ్యేసరికి ‘21,000 దాటాడు’ అని ఆ మనిషిని ఈఎస్ఐ నుంచే తీసేసింది. పరిమితి చూసేటప్పుడు ఓటీని కలపకూడదు. పైగా జీతమే నిజంగా పెరిగి పరిమితి దాటినా, ఆ ఆరు నెలల చందా కాలం ముగిసేదాకా, అంటే సెప్టెంబరు లేదా మార్చి చివరి వరకు, ఈఎస్ఐ కొనసాగాలి. ఇక్కడ పోయేది మన డబ్బు కాదు. ఒంట్లో బాగోక సెలవు పెట్టినప్పుడు వచ్చే సిక్‌నెస్ బెనిఫిట్‌కు చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి, మధ్యలో ఇలా ఒక నెల ఎగిరిపోతే నష్టపోయేది ఆ మనిషే. పీఎఫ్‌లో మాత్రం దీనికి తలకిందులుగా, కలపకూడని ఓటీని కలిపి 12 శాతం కోసింది. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి వేతనం నిర్వచనమే మారింది కాబట్టి, ఇప్పుడు కొనేవాళ్లు ఆ మార్పులన్నీ ఎక్కించారా, అప్‌డేట్‌కు విడిగా డబ్బులు అడుగుతారా అన్నది రాతలో తీసుకోండి.

పది నిమిషాలు లేటైతే అరగంట కోసే రూల్ కూడా ఆన్ చేసే ఇచ్చారు. రాని టైముకు మించి జీతం కోయడం కుదరదు, 2025 దాకా అమల్లో ఉన్న వేతన చెల్లింపు చట్టం 9వ సెక్షన్ చెప్పింది అదే. మాకు చెప్పకుండా దాన్ని ఎవరు ఆన్ చేశారో ఈరోజుకీ తెలియదు.

ఇక పాస్‌వర్డ్ సంగతి. మెషీన్ అడ్మిన్ పాస్‌వర్డ్, సాఫ్ట్‌వేర్ సూపర్ లాగిన్ డీలర్ చేతిలోనే పెట్టుకున్నాడు. ఏడాది తిరిగి రెన్యువల్ కట్టనంటే స్క్రీన్ లాక్. మా మనుషుల పాత పంచ్‌లు మాకే కనబడవు! లేబర్ ఆఫీసర్ వచ్చి రిజిస్టర్లు అడిగితే ఏం చూపించాలి? డబ్బు కట్టేముందే మెషీన్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి పంచ్ లాగ్ దించి చూపించమనండి, అడ్మిన్ పాస్‌వర్డ్ మీరే మార్చుకోండి. ‘సెక్యూరిటీ కోసం మా దగ్గరే ఉంటుంది సార్’ అన్నవాడి దగ్గర కొనకండి.

డెమోలో వాళ్ల శాంపిల్ డేటా ఒప్పుకోవద్దు. మీ దగ్గర జీతాలు ఇచ్చేసిన పాత నెల ఒకటి తీసి, ఆ నెల టైములు ఎక్కించి, షీట్ మీ లెక్కతో రూపాయి దాకా కలుస్తుందేమో చూడండి. ఆ నెలలో నైట్ షిఫ్టు, షిఫ్టు మారిన వారం, పండగ సెలవు, పంచ్ మర్చిపోయినవాళ్లు, ఓటీతో 21,000 దాటినవాళ్లు అందరూ ఉండాలి. చేతులకు ఆయిలు, వేళ్లు అరిగిపోయిన వాళ్లను పిలిచి మెషీన్ మీద వేలు పెట్టించండి, మా దగ్గర కొందరి ముద్రలు అసలు పడనే లేదు. మెయిన్ ఆఫ్ చేసి ఆన్ చేసి గడియారం నిలిచిందో లేదో కూడా చూడండి. బ్యాటరీ పోతే పంచ్‌లన్నీ ఏదో పాత తేదీలో పడొచ్చు.

కన్స్యూమర్ కమిషన్‌కు వెళ్దామని అడిగితే, వ్యాపారం కోసం కొన్నవాళ్లు 2019 చట్టం ప్రకారం వినియోగదారుల కిందకు రారని వకీలు చెప్పారు. సొంతంగా పని చేసుకుని దాంతోనే బతికేవాళ్లకు మాత్రం మినహాయింపు ఉంది. మాలాంటి వాళ్లకు మిగిలేది సివిల్ కోర్టు, లేదా డీలర్‌కు ఇంకా ఇవ్వని డబ్బు. కాబట్టి మొత్తం ముందే కట్టకండి, రెండు నెలల జీతాలు సరిగ్గా వచ్చేదాకా కొంత ఆపుకోండి. పర్చేజ్ ఆర్డర్‌లో ఆ షరతు రాయించండి.

ప్రస్తుతం మెషీన్‌ను పంచ్‌లకే వాడుతున్నాం, జీతాలు మళ్లీ ఎక్సెల్‌లోనే. అక్కడ కూడా రెండు జాగ్రత్తలు. పొద్దున ఆరులోంచి రాత్రి పదిని మామూలుగా తీసేస్తే మైనస్ వస్తుంది, మాడ్ (MOD) ఫంక్షన్ వాడాలి. నెల మొత్తం కూడినప్పుడు 24 దాటిన గంటలు మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయి, 221 గంటలు కాస్తా 5:00 అని కనబడతాయి. ఫార్మాట్‌లో గంటల అక్షరాన్ని (h) స్క్వేర్ బ్రాకెట్లలో పెడితే సరిగ్గా వస్తుంది. నైట్ షిఫ్టును తప్పు లేకుండా లెక్కేసే సాఫ్ట్‌వేర్ మీలో ఎవరైనా ఏడాదికి పైగా వాడుతుంటే చెప్పండి, ఈసారి పాత నెల డేటా పట్టుకుని నేనే మీ దగ్గరకు వచ్చి చూస్తాను.