పదమూడు కోర్సుల బరోక్ లూట్: ఏళ్ల తరబడి వాయించాక నా సమీక్ష

నా దగ్గరున్నది 13 కోర్సుల, అంటే 13 వరుసల తీగలున్న, బరోక్ లూట్. లూట్ అంటే గిటార్‌లా మీటే పాతకాలపు యూరప్ వాయిద్యం. 18వ శతాబ్దపు జర్మన్ నమూనాను చూసి ఈ కాలపు తయారీదారు చేసినది. తీగ పొడవు 70 సెంటీమీటర్లు. అట్టడుగు రెండు కోర్సులకు మాత్రం పెగ్‌బాక్స్ (బిరడలుండే భాగం) పక్కన బాస్ రైడర్ అనే చిన్న పెట్టె ఉంటుంది, అందుకని వాటి పొడవు ఇంకో ఐదు సెంటీమీటర్లు ఎక్కువ. నేను డ్రెస్డెన్‌లో ఉంటాను, సెమీకండక్టర్ ఫ్యాక్టరీలో ఉద్యోగం. చిన్నప్పుడు వీణ, తర్వాత క్లాసికల్ గిటార్ నేర్చుకున్నాను. ఈ రెండిట్లో ఏదో ఒకటి వచ్చినవాళ్లు "లూట్ మొదలుపెట్టొచ్చా, కొంటే ఎలాంటిది కొనాలి" అని అడుగుతుంటారు. ఇది వాళ్ల కోసం. నా తీర్పు ముందే చెబుతాను: ఈ వాయిద్యం అందమూ కష్టమూ రెండూ కుడి బొటనవేలి కింద ఉండే మంద్ర తీగల్లోనే ఉన్నాయి. కొనేటప్పుడైనా, తీగలు మార్చేటప్పుడైనా, ఏ రచన ఎత్తుకోవాలో ఆలోచించేటప్పుడైనా ముందు చూడాల్సింది వాటినే.

కోర్సు అంటే ఒకే వేలితో మీటే తీగల జత. పైన మొదటి రెండు కోర్సులకు ఒక్కో తీగే ఉంటుంది, మిగతా పదకొండూ జతలు. మొత్తం 24 తీగలు, 24 బిరడలు. ఆరో కోర్సు నుంచి కిందివాటిలో ఒక మంద్ర తీగ, దాని పక్కన ఒక స్థాయి పైన పలికే సన్నని తీగ కలిసి ఉంటాయి. ఆ సన్న తీగ వల్లే మంద్రం మందంగా, మబ్బుగా ఉండిపోకుండా స్పష్టంగా వినిపిస్తుంది.

శ్రుతి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన సంగీతం తెలిసినవాళ్లకు ఇది పుస్తకాల్లో చెప్పినదానికన్నా తేలిగ్గా అర్థమవుతుంది. బరోక్ లూట్ శ్రుతిని డి మైనర్ శ్రుతి అంటారు. డి ని షడ్జమం అనుకోండి. ఆరో కోర్సు మంద్ర పంచమం, ఐదోది షడ్జమం, నాలుగోది సాధారణ గాంధారం, మూడోది పంచమం, రెండోది తార షడ్జమం, ఒకటోది తార గాంధారం. ఎడమచెయ్యి ఆనించకుండా ఆరింటినీ మీటితే స, గ, ప మాత్రమే మోగుతాయి. ఇక ఆరో కోర్సు పంచమం తర్వాత ఏడు నుంచి పదమూడు దాకా వరుసగా మ, గ, రి, స, ని, ద, ప దిగుతాయి. మామూలు స్థితిలో, అంటే ఏ ఫ్లాటూ (అర స్వరం దించడం) షార్పూ (అర స్వరం పెంచడం) లేకుండా శ్రుతి చేస్తే, ఆ వరుస అచ్చంగా ఖరహరప్రియ.

రచన ఏ కీలో ఉంటే దాన్నిబట్టి ఈ కింది తీగలను మార్చుకోవాలి. డి మైనర్ సూట్ (నాట్య రచనల వరుస) వాయించాలంటే పన్నెండో కోర్సును అర స్వరం దించాలి, అప్పుడది నఠభైరవి. డి మేజర్ కావాలంటే ఎనిమిదినీ పదకొండునూ అర స్వరం పెంచాలి, శంకరాభరణం వస్తుంది. సి మైనర్ అయితే తొమ్మిది, పన్నెండు, పదమూడు దించాలి. ఈ తీగల్ని ఎడమచేత్తో నొక్కడం దాదాపు ఉండదు. అందుకే ఒక కూర్చోవడంలో ఒకే కీలో ఉన్న రచనలు వాయించుకోవడం మేలు. పాతకాలం రాతప్రతుల్లో కూడా సూట్‌లోని నాట్యాలన్నీ ఒకే కీలో ఉండేది ఇందుకే అని నాకు వాయించాకే బోధపడింది.

ఈ శ్రుతి ఒక్కరోజులో వచ్చింది కాదు. 1620ల నుంచి ఫ్రాన్స్‌లో లూట్ విద్వాంసులు పాత శ్రుతిని వదిలి రకరకాల కొత్త శ్రుతులు ప్రయత్నించారు. పారిస్‌లో పియర్ బల్లార్ 1631లో, 1638లో అచ్చువేసిన సంకలనాల పేర్లలోనే "కొత్త శ్రుతులు" అన్న మాట ఉంది. వాటిలో చివరికి నిలిచింది డి మైనర్ శ్రుతి. దాదాపు అదే తరంలో తంజావూరులో, తెలుగులో కావ్యాలు రాసిన రఘునాథ నాయకుడి ఏలుబడిలో, వీణకు 24 మెట్లు స్థిరపడ్డాయని చెబుతారు. తంజావూరులో మెట్లను కదలకుండా మైనంలో నిలిపారు, ఫ్రాన్స్‌లో తీగల శ్రుతినే కదిలించారు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన తలుచుకోవడం నాకు ఇష్టం.

లూట్ మెట్లు మెడ చుట్టూ ముడివేసిన పేగు తాళ్లు. వేలితో జరపవచ్చు. ఇది పెద్ద సౌకర్యం, తలనొప్పి కూడా. మొదటి మెట్టే తీసుకోండి. రెండు, మూడు కోర్సుల మీద అది ఇ ఫ్లాట్, బి ఫ్లాట్ ఇస్తుంది. ఒకటి, నాలుగు కోర్సుల మీద ఎఫ్ షార్ప్ ఇస్తుంది. ఆ కాలపు మీన్‌టోన్ పద్ధతిలో, అంటే అర స్వరాలన్నీ సమానంగా ఉండని శ్రుతి విభజనలో, ఫ్లాట్ స్వరం కాస్త ఎత్తుగా, షార్ప్ స్వరం కాస్త తక్కువగా ఉండాలి. ఒకే తాడు రెండూ ఇవ్వలేదు. నేను సి మైనర్ వాయించేటప్పుడు మొదటి మెట్టును బ్రిడ్జి (పలక మీద తీగలు కట్టే కొయ్య) వైపు కొద్దిగా జరుపుతాను, డి మేజర్‌కు నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) వైపు తెస్తాను. అంత చిన్న జరుపుతోనే మూడో కోర్సు మీద బి ఫ్లాట్ ఎంత నిండుగా పలుకుతుందో వింటే, మళ్లీ కదలని మెట్ల మీదికి పోబుద్ధి కాదు.

లూట్ గురించి మాట్లాడేవాళ్లంతా జర్మన్ సంగీత రచయిత యోహాన్ మాథెజోన్ మాట ఎత్తుతారు. లూట్ వాయించేవాడు ఎనభై ఏళ్లు బతికితే అందులో అరవై ఏళ్లు శ్రుతి చేయడానికే పోతాయని ఆయన 1713లో రాశాడు. లూట్ విద్వాంసుడు ఎర్నెస్ట్ గోట్లీబ్ బారోన్ 1727లో న్యూరెంబర్గ్‌లో అచ్చయిన తన పుస్తకంలో దీనికి జవాబిచ్చాడు. నేను బారోన్ పక్షమే. బిరడలు సరిగ్గా కూర్చుని ఉంటే, తీగలు కొత్తవి కాకపోతే, రోజూ శ్రుతి చేయడానికి పట్టేది కొద్ది నిమిషాలే. క్లిప్ ట్యూనర్‌ను ఒక్క 'ఏ' (A) స్వరానికి వాడండి, మిగతాది జతలను ఒకదానితో ఒకటి కలుపుతూ చెవితో చేయండి. ట్యూనర్‌లో ఆ స్వరాన్ని 440 హెర్ట్జ్ కాకుండా 415 పెట్టుకోవడం మరవకండి. 70 సెంటీమీటర్ల లూట్ మొదటి తీగ 440కి లాగితే తెగే అవకాశం చాలా ఎక్కువ.

ఇక బొటనవేలు. వీణలో తాళం తీగల్ని చిటికెన వేలితో మీటుతాం. ఇక్కడ చిటికెన వేలు బ్రిడ్జికి దగ్గరగా పలక మీద ఆనించి ఉంచాలి, చెయ్యి మొత్తానికి అదే ఆధారం. బొటనవేలు బయటికి చాపి ఆరో కోర్సు నుంచి పదమూడు దాకా తిరగాలి. గోళ్లు పెంచకూడదు, వేలి కండతోనే మీటాలి. గిటార్ నుంచి వచ్చినవాళ్లు దీనికి ఒప్పుకోవడానికి టైమ్ పడుతుంది. కానీ గోరు తగిలితే జత తీగలు రెండూ ఒకేసారి పలకవు, చిటచిటలాడుతాయి.

మంద్ర తీగను మీటాక బొటనవేలు దాని పక్కనున్న పై కోర్సు మీద వాలి ఆగాలి. బొటనవేలు ఎప్పుడూ ఏదో ఒక తీగ మీద ఉంటేనే చూడకుండా పదకొండు నుంచి ఏడుకు దూకగలం. చీకట్లో సాధన చేయమని నాకు చెప్పారు, నేనూ అదే చెబుతాను. కళ్లతో వెతికే అలవాటు పడితే లయ పోతుంది. 1722లో పెటీ అనే ఫ్రెంచ్ వయొలిన్ వాద్యకారుడు లూట్ విద్వాంసుడు సిల్వియస్ లెయోపోల్డ్ వైస్ మీద పడి ఆయన బొటనవేలిని కొరికేయబోయాడు. ఈ వాయిద్యం వాయించేవాళ్లెవరికైనా ఆ కథ వింటే ఒళ్లు జలదరిస్తుంది.

మీటడం సగమే. మోగే తీగను ఆపడం మిగతా సగం. పదకొండో కోర్సు సి మీటి, తర్వాత ఏడో కోర్సు జి కి వెళ్తే, సి ఇంకా మోగుతూనే ఉంటుంది. రెండు మూడు మంద్ర స్వరాలు ఇలా కలిస్తే స్వరాలన్నీ మసకబారతాయి. పాత మంద్రాన్ని బొటనవేలితోనే వెనక్కి వెళ్లి తాకి ఆపాలి, అదీ పై స్వరాల నడక తెగకుండా. దీనికి నేను చేసిన సాధన మిగతా అన్నింటికన్నా ఎక్కువ.

అయితే ఇందులో తీగల పాత్ర కూడా పెద్దదే. కొన్నప్పుడు నా లూట్‌కు రాగి తీగ చుట్టిన మంద్రాలు ఉండేవి. మోత బాగా ఎక్కువ, పియానో పెడల్ తొక్కిపట్టినట్టు. వాటిని తీసేసి ఇటలీ సంస్థ ఆక్విలా చేసే సీడీ రకం తీగలు వేశాను. ఇవి రాగి పొడి కలిపిన సింథటిక్ తీగలు, పేగు తీగల స్వభావానికి దగ్గరగా ఉంటాయి. మోత త్వరగా తగ్గుతుంది, స్వరం మొదలు మాత్రం గుండ్రంగా, బరువుగా ఉంటుంది. ఆపే పని సగానికి సగం తగ్గింది. ఇబ్బందీ ఉంది: బాగా సాగుతాయి, కొత్తగా వేశాక నిలకడకు రావడానికి చాలా రోజులు పడుతుంది. పై కోర్సులకు నైల్‌గట్ అనే, పేగును పోలిన సింథటిక్ తీగలు వాడుతున్నాను. అసలైన పేగు తీగల నాదం ఇంకా బాగుంటుంది, సందేహం లేదు. కానీ మొదటి కోర్సుకు పేగు వేస్తే తరచూ తెగుతుంది, గాలిలో తేమ మారితే శ్రుతి జారుతుంది. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు వాయించుకునేవాళ్లకు నా సలహా: పైన నైల్‌గట్, కింద సీడీ.

ఎడమచేతికి ఈ వాయిద్యం ఉదారంగా ఉంటుంది. మంద్రాలు వాటంతట అవే తెరిచి మోగుతాయి కాబట్టి వేళ్లు పై మూడు నాలుగు కోర్సుల మీద స్వేచ్ఛగా తిరగవచ్చు. వైస్ రచనల్లో హామర్-ఆన్ (ఎడమచేతి వేలిని తీగ మీద కొట్టి పలికించడం), పుల్-ఆఫ్ (వేలిని తీసేస్తూ పలికించడం)లతో స్వరాలను కలిపే చోట్లు చాలా ఎక్కువ. మూడో కోర్సు మీద పుల్-ఆఫ్ చేసేటప్పుడు జతలో ఒకే తీగ పలికి రెండోది ఊరుకోవడం మామూలు ఇబ్బంది. వేలిని పక్కకు లాగకుండా కిందికి నొక్కుతూ వదిలితే రెండూ పలుకుతాయి. వీణలోలా తీగను లాగి గమకం పలికించాలని మాత్రం చూడకండి. జత తీగలు వేర్వేరుగా సాగి అపస్వరం వస్తుంది, ముడి మెట్లు అరుగుతాయి. కంపనం ఒక అలంకారంగా ఉంది, అంతవరకే.

టాబ్లేచర్, అంటే స్వరాలకు బదులు వేళ్లు ఎక్కడ పెట్టాలో చూపే లిపి, నేర్చుకోవడం తేలిక. ఆరు గీతలు, మెట్లకు అక్షరాలు: ఎ అంటే తెరిచిన తీగ, బి అంటే మొదటి మెట్టు. గీతల కింద ఏడో కోర్సుకు ఎ, ఎనిమిదికి ఒక గీతతో ఎ, తొమ్మిదికి రెండు, పదికి మూడు, ఆపై 4, 5, 6 అంకెలు. అక్షరం కింద ఒక చుక్క ఉంటే చూపుడు వేలు, రెండు ఉంటే మధ్య వేలు, నిలువు గీత ఉంటే బొటనవేలు. మూడు వందల ఏళ్ల నాటి రాతప్రతిని నేరుగా చూసి వాయించగలగడం ఎంత ఆనందమో మాటల్లో చెప్పలేను.

ఏం వాయించాలి? చాలామంది బాఖ్ కోసం ఈ వాయిద్యం కొంటారు. నేను వద్దంటాను, కనీసం మొదట్లో. బిడబ్ల్యూవీ (బాఖ్ రచనల జాబితా) సంఖ్య 995 ను తీసుకోండి. బాఖ్ తన ఐదో చెల్లో సూట్‌ను లూట్‌కు మార్చి రాసినది. చేతిరాత ప్రతి బ్రస్సెల్స్‌లో ఉంది. మహాద్భుతమైన సంగీతం. కానీ అందులో 13 కోర్సుల లూట్‌కు లేని మంద్ర జి కావాలి, దాంతో చాలామంది 'ఏ' (A) మైనర్‌కు మార్చి వాయిస్తారు. బాఖ్ స్వరాలు లూట్ వేళ్లను అడిగి రాసినవి కావు, ప్రతి పేజీలో చెయ్యి పోరాడాలి. 997 లోని కొన్ని భాగాలను ఆయన కాలంలోనే లైప్‌జిగ్‌లో వైరౌఖ్ అనే ఆయన టాబ్లేచర్‌లోకి మార్చాడు, అది కొంత నయం.

వైస్ అలా కాదు. 1687లో పుట్టి, 1718 నుంచి డ్రెస్డెన్ ఆస్థానంలో ఉండి, బాఖ్ పోయిన ఏడాదే, 1750లో, ఇక్కడే పోయాడు. లూట్‌కు ఆయన రాసినంత మరెవరూ రాయలేదు, వందల రచనలు మిగిలాయి. ఆయన మంద్రం ఎక్కడ వేస్తే బొటనవేలు అక్కడికే చేరుతుంది, ఎక్కడ విరామం ఇస్తే అక్కడే తీగను ఆపే వీలుంటుంది. రాతప్రతుల్లో ముఖ్యమైనవి రెండు: లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఒకటి, ఈ ఊళ్లోని ఎస్‌ఎల్‌యూబీ గ్రంథాలయంలో ఒకటి. "లాన్‌ఫిదేల్" అనే 'ఏ' మైనర్ సొనాటా నాకు ప్రాణం, ముఖ్యంగా అందులోని ముసెట్ అనే భాగం. 1721లో, తానూ లూట్ రచయితే అయిన లోజీ ప్రభువు మరణానికి వైస్ రాసిన తొంబో (స్మృతి రచన) బి ఫ్లాట్ మైనర్‌లో ఉంటుంది. దానికోసం కింది ఏడు కోర్సుల్లో ఐదు దించాలి. విసుక్కోకుండా దించండి, ఆ రచన అందుకు తగినదే.

మొదలుపెట్టేవాళ్లకు వైస్ మెన్యుయెట్‌లు (ఒక రకం నాట్య రచనలు), లోజీ చిన్న రచనలు, డేవిడ్ కెల్నర్ రచనలు సరిపోతాయి. ఫ్రెంచ్‌వాళ్లు, అంటే ఇద్దరు గోతియేలు, దుఫో, ముతోన్, చూడటానికి తేలిక. కానీ వాళ్లు స్వరాలను ఒకేసారి పలకనివ్వకుండా విరిచి, పరిచి రాస్తారు, ఆ ఊపు పట్టుబడటానికి వినికిడి కావాలి. హాప్కిన్సన్ స్మిత్ రికార్డింగులు వినండి. వైస్‌కు రాబర్ట్ బార్టో నాక్సోస్ సంస్థకు చేసిన రికార్డింగుల వరుస వినండి.

వాతావరణం గురించి రెండు మాటలు. పై పలక మందం ఒకటిన్నర మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. ఇక్కడ చలికాలం హీటర్లు వేస్తే గాలి ఎండిపోయి బిరడలు జారుతాయి, పలక చీలే ప్రమాదం ఉంది. తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంచుతాను. విశాఖలోనో కాకినాడలోనో అయితే దీనికి తిరగబడి బిరడలు ఉబ్బి బిగుసుకుంటాయి. విజయవాడ ఎండల్లో కారులో వదిలితే ఇంకా ప్రమాదం: జంతు చర్మంతో చేసిన జిగురు వేడికి మెత్తబడి బ్రిడ్జి ఊడిరావచ్చు.

కొనేముందు ఒక్కసారైనా అద్దెకు తీసుకోండి. బ్రిటన్, అమెరికా లూట్ సొసైటీలు సభ్యులకు అద్దెకిస్తాయి. కొనేటప్పుడు స్వాన్ నెక్ రకం, అంటే అట్టడుగు ఐదు కోర్సులకు పొడవాటి రెండో మెడ ఉన్నది, చూడటానికి ఎంత బాగున్నా మొదటి వాయిద్యంగా బాస్ రైడరే తీసుకోండి. పొడుగు తీగలు ఇంకా ఎక్కువసేపు మోగుతాయి, ఆపడం ఇంకా కష్టం. చేతిలోకి తీసుకున్నాక చిటికెన వేలు పలక మీద ఆనించి, దాన్ని కదపకుండా బొటనవేలు పదమూడో కోర్సుకు అందుతుందో లేదో చూడండి. అందకపోతే, ధర ఎంత తగ్గించినా, నాదం ఎంత నచ్చినా, ఆ లూట్ మీకు కుదరదు.