జాగ్రత్త: బ్రోచర్‌లో ఉన్న కారు వేరు, మన చేతికి ఇచ్చే కారు వేరు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు నుంచి ఆంధ్రా షోరూముల్లో కారు కొనే మన వాళ్ళందరూ దయచేసి ఇది పూర్తిగా చదవండి. పండగ ఆఫర్ చూసి ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్ళయితే ఈ రోజే చదవండి.

మా అమ్మాయిని జయపురం ఇచ్చాం. మా రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కొరాపుట్ వెళ్ళే దారి ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఘాట్ మలుపులు, చలికాలం పొద్దున్నే మంచు, ఎదురుగా లారీలు. పద్నాలుగు నెలల మనవరాలిని ఎక్కించుకుని ఆ దారిలో తిరగాలి. అందుకే మైలేజీ గురించి గానీ సన్‌రూఫ్ గురించి గానీ నేను అడగలేదు. ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయా, భద్రతా పరీక్షలో ఐదు స్టార్లు వచ్చిన బండేనా అని మాత్రం రెండుసార్లు అడిగాను.

"అన్ని వేరియంట్లకీ ఆరు స్టాండర్డ్ సార్" అని సేల్స్ అబ్బాయి బ్రోచర్ విప్పి చూపించాడు. గోడ మీద పెద్ద పోస్టరు, దాని మీద ఐదు నక్షత్రాలు. తొమ్మిదిన్నర లక్షల బండికి నలభై వేలు తగ్గిస్తామన్నారు. డెలివరీ తీసుకుని తిన్నగా మజ్జిగౌరి అమ్మవారి గుడికి వెళ్ళి పూజ చేయించాం.

మూడో రోజు మా మేనల్లుడు వచ్చాడు. విశాఖలో ఒక గ్యారేజీలో పనిచేస్తాడు. డోరు తీసి డ్రైవరు సీటు అంచు తడిమాడు, పైన పిల్లర్ (డోరు పక్కన ఉండే స్తంభం) వైపు చూశాడు, అవతలి పక్కకి వెళ్ళి అక్కడా చూశాడు. "మావయ్యా, దీనికి రెండే ఉన్నాయి" అన్నాడు. పక్క ఎయిర్‌బ్యాగు ఉంటే సీటు అంచున చిన్న ట్యాగు కుట్టి ఉంటుందట. కిటికీ అద్దాల వైపు తెరలా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగు ఉంటే పిల్లర్ మీద ఎయిర్‌బ్యాగు అని అచ్చువేసి ఉంటుందట. మా బండికి స్టీరింగు మీద, ఎడమ పక్క డ్యాష్‌బోర్డు మీద తప్ప ఇంకెక్కడా ఆ మాట లేదు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు.

సేల్ సర్టిఫికెట్ తీశాం. దాన్నే ఫారం 21 అంటారు. అందులో తయారైన నెల, సంవత్సరం రాసి ఉంటాయి. కంపెనీ ఆ మోడల్‌కి ఆరు ఎయిర్‌బ్యాగులు పెట్టడం మొదలుపెట్టక ముందే తయారైన బండి మాది. తొమ్మిది నెలలు యార్డులో పడి ఉంది. చూపించింది కొత్త బ్రోచరు, అంటగట్టింది పాత స్టాకు. నలభై వేలు ఎందుకు తగ్గించారో అప్పుడు అర్థమైంది.

షోరూముకి ఫోన్ చేస్తే, "అన్ని సేఫ్టీ స్టాండర్డ్స్ పాసైన బండే సార్, గవర్నమెంటు సర్టిఫికెట్ ఉంది" అన్నారు. కంపెనీకి మెయిల్ పెడితే, మీ వాహనం కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని ప్రమాణాలన్నిటికీ లోబడే ఉందని జవాబు వచ్చింది. ఆ మాట నిజమే. మనం మోసపోయేది ఇక్కడే, అందుకే దీని గురించి కొంచెం వివరంగా రాస్తున్నాను.

కంపెనీ ఒక మోడల్ అమ్మాలంటే ముందు దాని నమూనా బండిని పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థలకి ఇచ్చి పరీక్ష చేయించాలి. ముందు నుంచి గుద్దే పరీక్ష గంటకి 56 కిలోమీటర్ల వేగంతో, పక్క నుంచి గుద్దేది 50 కిలోమీటర్ల వేగంతో చేస్తారు. అది పాసయ్యాక ఫ్యాక్టరీలో తయారయ్యే ప్రతి బండికీ కంపెనీయే ఫారం 22 రాసిస్తుంది. ఫలానా ఛాసిస్ నంబరు, ఫలానా ఇంజను నంబరు ఉన్న ఈ బండి కాలుష్య, భద్రతా ప్రమాణాల ప్రకారం ఉందని కంపెనీ తనకు తానే ఇచ్చే హామీ అది. మధ్యమధ్యలో తనిఖీలు ఉంటాయి గానీ, మన బండిని విడిగా ఎవరూ పరీక్షించరు.

ఇక చట్టం అడిగే ఎయిర్‌బ్యాగులు రెండే. డ్రైవరుది 2019 జూలై నుంచి, పక్క సీటుది పాత మోడళ్ళతో సహా 2021 డిసెంబరు 31 తర్వాత తప్పనిసరి అయ్యాయి. ఆరు ఉండాలని 2022 జనవరిలో ముసాయిదా తెచ్చారు. దాన్ని 2022 అక్టోబరు నుంచి అమలు చేస్తామన్నారు, ఆ తర్వాత 2023 అక్టోబరుకి జరిపారు, చివరికి తప్పనిసరి చేయబోమని మంత్రి గడ్కరీగారే చెప్పేశారు. కాబట్టి రెండే ఉన్న బండికి కూడా ఫారం 22 నిక్షేపంగా వస్తుంది.

స్టార్ల లెక్క పూర్తిగా వేరు. కార్లని గుద్దించి చూసి భద్రతకి స్టార్లు ఇచ్చే మన ప్రభుత్వ పథకం భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు 1న మొదలైంది. కంపెనీ ఇష్టపడి బండిని పంపితేనే పరీక్ష చేస్తారు. అందులో ముందు గుద్దుడు 64 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. పెద్దల రక్షణకి 32 మార్కులు, పిల్లల రక్షణకి 49. ఆ ఫలితం ఏ వేరియంట్లకి వర్తిస్తుందో రిపోర్టులోనే రాస్తారు. పోస్టరు మీద మాత్రం మోడల్ పేరు, నక్షత్రాలు తప్ప ఇంకేమీ కనపడవు. మనం స్టార్ల గురించి అడిగితే వాళ్ళు ఫారం 22 గురించి జవాబు చెప్తారు.

కంపెనీ రాసిచ్చే కాగితాన్ని కళ్ళు మూసుకుని నమ్మకూడదని నేను అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. జపాన్‌లో డైహట్సు అనే కార్ల కంపెనీ సంగతి చూడండి. ఎయిర్‌బ్యాగు సెన్సరుతో తెరుచుకోవాల్సిన చోట, పరీక్షలో టైమరు పెట్టి తెరిపించారు. 2023 డిసెంబరులో విచారణ కమిటీ 64 మోడళ్ళలో 174 అక్రమాలు బయటపెట్టింది. అంత కట్టుదిట్టమైన దేశంలోనే ఏళ్ళ తరబడి అలా జరిగింది. మన దగ్గర ప్రమాణాలకి విరుద్ధంగా బండి అమ్మితే కంపెనీకి ఏడాది దాకా జైలు, లేదా బండికి లక్ష జరిమానా, లేదా రెండూ అని మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ చెప్తోంది. కానీ నా బండి చట్టం ప్రకారం ఉన్నదే, కాబట్టి ఆ సెక్షన్ నాకు పనికిరాదు. నాది బ్రోచరు చూపించి మోసం చేసిన కేసు, వినియోగదారుల చట్టం కిందకి వస్తుంది.

సరిహద్దులో ఉన్న మనకి ఇక్కడే భయం. షోరూము ఆంధ్రాలో, మనం ఒడిశాలో, ఎక్కడికెళ్ళి తిరుగుతాంలే అని చాలామంది ఊరుకుంటారు. షోరూమువాళ్ళ ధైర్యం కూడా అదే. నాతో మేనేజరు "మీ రాష్ట్రంలో చూసుకోండి" అన్నాడు. చూసుకోవచ్చు! 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. 50 లక్షల లోపు అయితే జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. రెండేళ్ళలోపు వేయాలి. నా బండి ధరకి ఫీజు 200 రూపాయలు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. షోరూము నుంచి సరైన జవాబు రాకపోయేసరికి రాయగడ జిల్లా కమిషన్‌లో వేశాను. బ్రోచరు, బుకింగ్ రసీదు, సేల్స్ అబ్బాయి పెట్టిన వాట్సాప్ మెసేజీలు అన్నీ జత చేశాను. "ఆరు ఎయిర్‌బ్యాగులు కన్ఫర్మ్ సార్" అని అతనే రాసిన మెసేజీ ఉండబట్టి నాకు కాస్త ధైర్యంగా ఉంది. మీరు కూడా నోటిమాటతో ఊరుకోకండి, రాయించుకోండి.

ఫారం 22ని నేను కళ్ళతో చూసింది నెల తర్వాత. షోరూమువాళ్ళు దాన్ని నాకు చూపించకుండా నేరుగా ఏజెంటుకి ఇచ్చేశారు, అతను ఆర్టీఓ ఆఫీసులో పెట్టేశాడు. టెంపరరీ రిజిస్ట్రేషన్ అయ్యాక బండి వెనక్కి తీసుకోమంటే ఎవరూ తీసుకోరు. అందుకని డబ్బు పూర్తిగా కట్టకముందే మీకు కేటాయించిన బండి ఛాసిస్ నంబరు, తయారైన నెల రాసిమ్మని అడగండి. యార్డుకి వెళ్ళి అదే బండి డోరు తీసి సీటు అంచు చూడండి. రేటింగ్ రిపోర్టులో మీ వేరియంట్ పేరు ఉందో లేదో వాళ్ళ చేతే చూపించమనండి. తెలిసిన మెకానిక్ ఉంటే వెంట తీసుకెళ్ళండి.

మా మనవరాలిని ఇప్పటికీ ఆ బండిలో ఘాట్ ఎక్కించడం లేదు. అమ్మాయే రైల్లో వస్తోంది. మొన్న మేనల్లుడు అదే షోరూము యార్డు పక్కగా వెళ్తే, నాకు ఇచ్చిన రకం బండ్లు ఇంకా నాలుగు కనిపించాయట, అద్దాల మీద పండగ ఆఫర్ స్టిక్కర్లతో.