రిజిస్ట్రేషన్‌కు ముందు దస్తావేజుల పరిశీలన: ఒక న్యాయవాది సేవపై సమీక్ష

ఇల్లు కొనే ముందు హక్కు పత్రాలను పరిశీలించి లిఖితపూర్వకంగా అభిప్రాయం ఇచ్చే ఒక న్యాయవాది సేవను ఇటీవల వినియోగించుకున్నాను. ఆయన నివేదికలో అన్నిటికంటే విలువైనది లింకు దస్తావేజుల పరిశీలన. అమ్మకందారుకు ఆస్తి ఎవరి నుంచి వచ్చింది, వారికి ఎవరి నుంచి సంక్రమించింది అని వరుసగా వెనక్కి వెళ్తూ, ఒక పూర్వ యజమాని మరణించిన తరువాత జరిగిన విక్రయంలో ఆయన కుమార్తె సంతకం లేదని గుర్తించారు. వారసురాలిగా తనకున్న వాటాను వదులుకుంటున్నట్టు ఆమె నుంచి హక్కు విడుదల పత్రం రాయించి, దానిని రిజిస్టరు చేయించే వరకు మిగతా సొమ్ము చెల్లించవద్దని స్పష్టంగా రాశారు. అదంతా పాత సంగతేనని అమ్మకందారు కొట్టిపారేశారు గానీ, కోర్టుకెక్కేవి సాధారణంగా అటువంటి పాత సంగతులే.

తాకట్టు విషయంలోనూ ఇదే పట్టుదల కనిపించింది. అప్పు తీరిపోయిందన్న నోటిమాటతో సరిపెట్టుకోకుండా, తాకట్టు విడుదల అధికారిక రికార్డుల్లో నమోదైందో లేదో స్వయంగా చూశారు. హద్దులను, విస్తీర్ణాన్ని సర్వే పటంతో సరిపోల్చారు. పన్ను బకాయిలకు ఒక్క వాక్యం కేటాయించారు. అంతకంటే అవసరం కూడా లేదు.

లోపాలు లేకపోలేదు. నివేదిక భాష ఎంత జటిలమంటే, ఫోను చేసి అడిగితే తప్ప కొన్ని పేరాలు అర్థం కాలేదు. ఇంట్లో ప్రస్తుతం ఎవరు నివసిస్తున్నారో, వారికి అద్దె ఒప్పందం ఉందో లేదో విచారించమని ఆయన సూచించలేదు. స్వాధీనానికి సంబంధించిన ఈ ముఖ్యమైన ప్రశ్నను మేమే లేవనెత్తవలసి వచ్చింది. రుసుము మాత్రం ముందుగా చెప్పినంతే తీసుకున్నారు.