న్యూజిలాండ్ దారి, స్వీడన్ దారి

స్వీడన్ 1999లో వ్యభిచారంలో ఉన్న స్త్రీని వదిలి, డబ్బిచ్చి వచ్చేవాణ్ణి నేరస్థుణ్ణి చేసింది. న్యూజిలాండ్ 2003లో ఇద్దరినీ వదిలేసింది.

న్యూజిలాండ్‌లో మేలు కంటికి కనబడుతుంది. లైంగికంగా వేధించిన వేశ్యాగృహ నిర్వాహకుడిపై ఒక సెక్స్ వర్కర్ ఫిర్యాదు చేస్తే, 2014లో మానవ హక్కుల ట్రైబ్యునల్ ఆమెకు 25,000 డాలర్ల పరిహారం ఇప్పించింది. అయితే ఆ 2003 చట్టంలోని 19వ సెక్షన్ తాత్కాలిక వీసాపై వచ్చినవారికి ఈ పనిని నిషేధించింది. బయటపడితే వీసాకే ముప్పు. అందుకే పరాయి దేశపు స్త్రీ దెబ్బలు తిన్నా పోలీసుల దగ్గరికి వెళ్లడానికి వెనకాడుతుంది. రక్షణ ఎక్కువ అవసరమైనవారినే గడప బయట నిలబెట్టారన్నమాట!

స్వీడన్‌లోనూ వలస స్త్రీకి దేశం నుంచి పంపేస్తారన్న భయం తప్పదు. పైగా ఆమెకు గది అద్దెకిచ్చేవారికీ కేసు భయమే.

నేను న్యూజిలాండ్ వైపే మొగ్గుతాను, ఆ సెక్షన్ తీసేస్తేనే.