ఐప్యాడ్ ప్రో ఎం5కు మారాలా? ఏడేళ్ల పాతదాని పక్కన పెట్టి చూసిన మూడు వారాలు

నేను వాడుతున్న ఐప్యాడ్ ప్రో 2018 చివర్లో విడుదలైన రకం. 11 అంగుళాల తెర, ఏ12ఎక్స్ చిప్, 4 జీబీ మెమరీ (తెరిచిన యాప్‌లను పట్టి ఉంచే తాత్కాలిక చోటు), 64 జీబీ నిల్వ (ఫైళ్లు దాచుకునే చోటు). పుస్తకాల ప్రూఫులు దిద్దడం నా పని కనుక రోజుకు అయిదారు గంటలు దీని ముందే గడుస్తాయి. స్కాన్ చేసిన పాత ప్రతిని ఒక పక్క, కొత్తగా టైపు చేసిన ప్రతిని మరో పక్క తెరిచి పెట్టుకుని, పెన్సిల్‌తో తప్పులు గుర్తిస్తూ పోతాను. కొన్ని నెలలుగా ఇది మొరాయిస్తోంది. 2025 అక్టోబరులో ఎం5 చిప్‌తో కొత్త ఐప్యాడ్ ప్రో విడుదలయ్యాక మా తమ్ముడు 11 అంగుళాలది, 256 జీబీ రకం కొనుక్కున్నాడు. పని మీద వేరే ఊరు వెళుతూ, "ఊరికే బీరువాలో పడి ఉండటం దేనికక్కా, నీ పనికి సరిపోతుందేమో వాడి చూడు" అని మూడు వారాల పాటు దాన్ని నా దగ్గర వదిలి వెళ్లాడు. ఆ మూడు వారాలూ రెండింటినీ ఒకే బల్ల మీద పెట్టుకుని, ఒకే పనిని మార్చి మార్చి చేసి చూశాను.

ముందుగా పాతదానికి వచ్చిన రోగమేమిటో చెప్పాలి, ఎందుకంటే మందు దాన్ని బట్టే ఉంటుంది. నాలుగు వందల పైచిలుకు పేజీల స్కాన్ పుస్తకాన్ని తెరిచి గబగబా పేజీలు తిప్పితే, పదో పేజీ దాటేసరికి తెర మీద అక్షరాలకు బదులు తెల్లటి గళ్లు కనిపిస్తాయి. రెండు మూడు సెకన్ల తర్వాత ఆ గళ్లు ఒక్కొక్కటిగా నిండుతాయి. నిఘంటువు చూడటానికి వేరే యాప్‌లోకి వెళ్లి తిరిగి వచ్చేసరికి పుస్తకం మూసుకుపోయి, మళ్లీ మొదటి నుంచి తెరుచుకుంటుంది. చాలాకాలం ఇది చిప్ ముసలిదైపోవడం వల్లనే అనుకున్నాను. నిజానికి ఏ12ఎక్స్ ఈ పనికి ఇప్పటికీ చాలినంత వేగం గలదే. చాలనిది మెమరీ. రెండు పెద్ద ఫైళ్లు, ఒక నిఘంటువు కలిసి ఆ 4 జీబీలో ఇమడలేక, వ్యవస్థ వెనుక ఉన్న యాప్‌ను నిర్దాక్షిణ్యంగా బయటికి నెట్టేస్తోంది.

ఎం5 రకంలో 256, 512 జీబీ నిల్వ ఉన్నవాటికి 12 జీబీ మెమరీ, 1 టీబీ, 2 టీబీ ఉన్నవాటికి 16 జీబీ మెమరీ ఇచ్చారు. అదే పుస్తకాన్ని అందులో తెరిచి, అంతే వేగంగా తిప్పి చూశాను. తెల్ల గళ్లు ఒక్కసారి కూడా కనిపించలేదు. నిఘంటువులోకి వెళ్లి, మెయిల్ చూసి, గంట తర్వాత తిరిగి వచ్చినా పుస్తకం నేను వదిలిన పేజీలో, వదిలిన పంక్తి దగ్గరే ఉంది. పేజీ తెరుచుకునే లోపల నేను వెతుకుతున్న మాటను మరిచిపోవడం పాతదానితో రోజూ జరిగే పని. ఆ బాధ పూర్తిగా పోయింది. ఈ మూడు వారాల్లో నా పనికి నిజంగా కలిసి వచ్చినది ఇదే అని చెప్పగలను.

ఇక తెర సంగతి. కొత్త ఐప్యాడ్ గురించి మాట్లాడే వారందరూ ముందు దాని తెర గురించే చెబుతారు, అది న్యాయమే. 2024లో ఎం4 రకంతో వచ్చిన రెండు పొరల ఓఎల్ఈడీ తెరే, అంటే ప్రతి బిందువూ తానే వెలిగే తెరే, ఎం5లోనూ ఉంది. వెనక దీపంతో వెలిగే నా పాత ఎల్‌సీడీ తెర గరిష్ఠంగా 600 నిట్ల (నిట్ అంటే తెర వెలుగును కొలిచే ప్రమాణం) వెలుగు ఇస్తే, ఇది మామూలుగానే 1000 నిట్లు ఇస్తుంది కాబట్టి మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చున్నప్పుడు తెరకు చెయ్యి అడ్డం పెట్టుకోవలసిన అవసరం రాలేదు. రాత్రి దీపం ఆర్పి నల్లటి నేపథ్యం మీద తెల్లటి అక్షరాలు పెట్టుకుని చదివితే, ఎల్‌సీడీలో ఆ నలుపు బూడిద రంగుకు తిరిగి వెలుగుతూ ఉంటుంది. ఓఎల్ఈడీలో నలుపున్న చోట వెలుగే ఉండదు, అక్షరాలు చీకట్లో వేలాడుతున్నట్లు కనిపిస్తాయి. చదువరిగా నాకు ఇది ఎంత నచ్చిందంటే, నిద్రపోవలసిన వేళ దాటిపోయాక కూడా రెండు రాత్రులు దాన్ని పక్కన పెట్టలేకపోయాను.

అయితే ప్రూఫ్ దిద్దేవారికి కావలసినది నలుపులోని గాఢత ఒక్కటే కాదు, అక్షరం అంచులోని తీక్షణత. 'థ'కు కడుపులో చుక్క ఉంటుంది, 'ధ'కు ఉండదు. పాత అచ్చులో సిరా పాకిన చోట ఆ చుక్క ఉందో లేదో తేల్చడమే నా పనిలో సగం. ఒకే పేజీని రెండు తెరల మీదా ఒకే పరిమాణంలో పెట్టి, అలాంటి అనుమానపు అక్షరాలు పన్నెండింటిని పోల్చి చూశాను. పాతదానిలో తేలనిది కొత్తదానిలోనూ తేలలేదు. దీనిలో ఆశ్చర్యపోవలసినది ఏమీ లేదు, రెండు తెరల్లోనూ అంగుళానికి ఉన్నవి 264 పిక్సెళ్లే. తెర అందం పెరిగింది, అక్షరం స్పష్టత మాత్రం ఏడేళ్ల క్రితం ఉన్న చోటే ఉంది. మెరుపు తగ్గించే నానో టెక్స్చర్ గాజు చదువుకు మేలు చేసేదే గానీ, అది 1 టీబీ, ఆ పై నిల్వ ఉన్న రకాలకే దొరుకుతుంది. గాజు కోసం అవసరం లేని నిల్వను కొనడం నాకు సబబుగా తోచలేదు.

బరువు, మందం గురించి రెండు మాటలు చాలు. పాతది 468 గ్రాములు, 5.9 మిల్లీమీటర్లు, కొత్తది 444 గ్రాములు, 5.3 మిల్లీమీటర్లు. చేతిలోకి తీసుకున్న మొదటి రోజు తేడా తెలిసింది, మూడో రోజుకు గుర్తుకు రాలేదు. వీడియో కాల్ కెమెరాను పొడవాటి అంచు మధ్యకు మార్చడం మాత్రం మంచి మార్పు. పాతదానిలో అడ్డంగా నిలబెట్టి మాట్లాడుతుంటే అవతలివారికి నేనెప్పుడూ గోడ గడియారం వైపు చూస్తున్నట్లే కనిపిస్తాను.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసినది పెన్సిల్. ఏడేళ్లుగా వాడుతున్న రెండో తరం యాపిల్ పెన్సిల్‌ను కొత్త ఐప్యాడ్ అంచున పెడితే అది జతకాలేదు, ఛార్జ్ కాలేదు. ఎం4 నుంచి ఐప్యాడ్ ప్రోలు పెన్సిల్ ప్రోను, యూఎస్‌బీ-సీ పెన్సిల్‌ను మాత్రమే అంగీకరిస్తాయి. ఆ యూఎస్‌బీ-సీ పెన్సిల్‌కు నొక్కే బలాన్ని గుర్తించే శక్తి లేదు కనుక, గీత సన్నంగా లావుగా రావాలనుకునే నాలాంటి వారికి మిగిలేది పెన్సిల్ ప్రో ఒక్కటే. పాత మ్యాజిక్ కీబోర్డు కూడా కొత్త ఒంటికి సరిపోదు. అంటే కొత్త ఐప్యాడ్ కొనడమంటే పలకతో పాటు బలపాన్నీ, సంచినీ కూడా మార్చడమే. ధర చూసేటప్పుడు మన కన్ను ఐప్యాడ్ అంకె దగ్గరే ఆగుతుంది. మూడింటినీ కలిపి కూడి చూస్తే గానీ అసలు నిర్ణయం ఎంత బరువైనదో అర్థం కాదు.

తమ్ముడి పెన్సిల్ ప్రోను కూడా వాడాను. వేళ్ల మధ్య నొక్కితే చిన్న పరికరాల పట్టిక తెరుచుకుంటుంది, నొక్కినట్లు వేలికి చిన్న అదురు తగులుతుంది. గుర్తు పెట్టే కలం నుంచి తుడిచే రబ్బరుకు మారడానికి ఇది హాయిగా ఉంది. రాతలోని చురుకుదనం విషయానికి వస్తే, రెండు తెరలూ సెకనుకు 120 సార్లు తాజా అయ్యేవే కాబట్టి గీత వెంట సిరా వచ్చే తీరులో నాకు తేడా కనబడలేదు. కళ్లు మూసుకుని ఏది ఏదో చెప్పమంటే చెప్పలేకపోయేదాన్ని.

కృత్రిమ మేధ సదుపాయాల గురించి చాలా ప్రచారం జరుగుతోంది. యాపిల్ ఇంటెలిజెన్స్ ఐప్యాడ్ ప్రోలలో ఎం1, ఆ పై చిప్ ఉన్నవాటిలోనే పనిచేస్తుంది, నా పాతదానికి అది లేదు. కానీ ఇది రాసేనాటికి ఆ సదుపాయాలు తెలుగులో లేవు. తెలుగు ప్రూఫుల కోసం ఐప్యాడ్ కొనేవారు ఈ కారణాన్ని లెక్కలోంచి తీసేయవచ్చు. మరోవైపు, ఐప్యాడ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఐప్యాడ్‌ఓఎస్ 26 నా 2018 ఐప్యాడ్‌కు కూడా వచ్చింది. యాప్‌ల కిటికీలను (విండోలను) ఇష్టమైన పరిమాణంలో పరుచుకునే కొత్త పద్ధతి అందులోనూ ఉంది. ఏడేళ్ల వస్తువుకు ఈ మర్యాద దక్కడం మెచ్చుకోదగినది. అయితే మూడో కిటికీ తెరిచేసరికి నా పాతది మళ్లీ ఆయాసపడుతుంది, కారణం మెమరీయే.

బ్యాటరీ మాటకొస్తే, ఉదయం నిండుగా ఛార్జ్ చేసి మొదలుపెట్టినా పాతది మధ్యాహ్న భోజనం వేళకే 30 శాతానికి పడిపోతోంది. వెయ్యి ఛార్జ్ సైకిళ్ల (నిండు బ్యాటరీ అంత ఛార్జ్ వాడితే ఒక సైకిల్) వరకు 80 శాతం సామర్థ్యం నిలిచేలా ఐప్యాడ్ బ్యాటరీలను తయారుచేస్తామని యాపిల్ చెబుతుంది. నా వాడకానికి అవి ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. కొత్తది సాయంత్రం దాకా నిలిచింది, తగిన శక్తి గల అడాప్టర్ ఉంటే అరగంటలో సగం దాకా ఛార్జ్ అవుతుంది. పాతదానికి బ్యాటరీ మాత్రమే మార్పిద్దామని ఒక రిపేరు దుకాణానికి వెళ్లి అడిగాను. తెర జిగురుతో అతికించి ఉంటుంది కాబట్టి వేడి చేసి ఊడదీయాలని, ఆ సమయంలో అది పగిలితే తమకు బాధ్యత లేదని రాసి ఉన్న కాగితం మీద ముందే సంతకం పెట్టమన్నారు. పెట్టకుండా వచ్చేశాను. పైగా బ్యాటరీ మార్చినా 4 జీబీ 8 జీబీ కాదు, 64 జీబీ నిల్వలో స్థలం పెరగదు. వారానికొకసారి ఏ పుస్తకాన్ని తీసేయాలా అని కూర్చోవడం ఎలాగూ తప్పదు.

ఇంతవరకు వచ్చాక ప్రశ్న రూపం మారింది. నాకు కావలసినది ఎక్కువ మెమరీ, ఎక్కువ నిల్వ, అలసిపోని బ్యాటరీ. ఈ మూడూ 2025 నాటి యంత్రంలోనే దొరకాలన్న నియమం ఏమీ లేదు. 2021లో వచ్చిన ఎం1, 2022లో వచ్చిన ఎం2 ఐప్యాడ్ ప్రోలలో మామూలు రకాలకే 8 జీబీ మెమరీ ఉంది, తెర 120 హెర్ట్జ్‌లోనే (సెకనుకు 120 సార్లు తాజా అవుతూ) నడుస్తుంది, అన్నిటికంటే ముఖ్యంగా నా పాత పెన్సిల్, పాత కీబోర్డు రెండూ వాటికి అతుకుతాయి. ఐప్యాడ్ ఎయిర్ కూడా ఆలోచించదగినదే గానీ, దాని తెర 60 హెర్ట్జ్‌ది. ఏడేళ్లుగా 120కి అలవాటు పడిన కంటికి పేజీ జరుగుతున్నప్పుడు అక్షరాలు అలుక్కుపోయినట్లు ఉంటాయి, చేతిరాతలో కూడా సిరా కొంచెం వెనకబడినట్లు తోస్తుంది.

కాబట్టి మొదటిసారి ఐప్యాడ్ కొనేవారికి, లేదా పెన్సిల్ కీబోర్డుల మీద ఇంతకు ముందు ఏమీ ఖర్చు పెట్టనివారికి, చిత్రాలు గీయడమో వీడియోలు కూర్చడమో వృత్తిగా ఉన్నవారికి ఎం5 రకాన్ని సంకోచం లేకుండా సిఫారసు చేస్తాను. ఎం1, ఎం2 ప్రోలు చేతిలో ఉన్నవారు తెర మీద మోజు తప్ప మారడానికి వేరే కారణం చూపించలేరని నా అభిప్రాయం. నాలాగా 2018 లేదా 2020 రకాన్ని చదువుకు, రాతకు వాడుతున్నవారు ముందు తమ ఐప్యాడ్ ఎక్కడ ఆగుతోందో ఒక వారం గమనించాలి. యాప్‌లు మాటిమాటికీ మొదటి నుంచి తెరుచుకుంటుంటే మెమరీ చాలడం లేదన్నమాట. అది కాక ఛార్జ్ త్వరగా దిగిపోవడం ఒక్కటే బాధైతే, పూచీ తీసుకునే చోట బ్యాటరీ మార్పిడి గురించి అడిగి చూడవచ్చు.

నేను చివరికి 256 జీబీ నిల్వ ఉన్న ఎం2 ఐప్యాడ్ ప్రోను, ఒకరు వాడి అమ్మినదాన్ని తీసుకున్నాను. ఇలా కొనేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: బ్యాటరీ ఆరోగ్యాన్ని సెట్టింగులలో చూపించే సదుపాయం 2024లోనూ, ఆ తర్వాతా వచ్చిన రకాలకే ఉంది, ఎం2 ప్రోలో లేదు. అమ్మేవారి ఎదుటే కంప్యూటర్‌కు తగిలించి ఛార్జ్ సైకిళ్ల సంఖ్య చూడాలి. నేను తీసుకున్నదానిలో అవి మూడు వందలు కూడా దాటలేదు. పాత పెన్సిల్‌ను అంచున పెట్టగానే అతుక్కుని, తెర మీద దాని ఛార్జ్ శాతం కనిపించింది. నాలుగు వందల పేజీల పుస్తకంలో తెల్ల గళ్లు లేవు. నిఘంటువుకు వెళ్లి వచ్చినా పేజీ పోవడం లేదు. రాత్రిళ్లు దీపం ఆర్పినప్పుడు మాత్రం ఆ బూడిద రంగు నలుపు కళ్లకు తగులుతూనే ఉంది, తమ్ముడి ఐప్యాడ్ గుర్తుకు వస్తూనే ఉంది.