అహ నా పెళ్ళంటా, ప్రేమలేఖా: పిల్లలకు ముందు ఏది చూపించాలి?

గంగమ్మ జాతరకు ఏటా మా చెల్లెలి పిల్లలు చిత్తూరు నుంచి తిరుపతికి వస్తారు. పిల్లకు పదిహేను, పిల్లోడికి పదమూడు. పొద్దున తాతయ్యగుంట దగ్గర వేషాలు చూసొచ్చినాక, ఆ ఎండకు మళ్ళీ గడప దాటలేం. ఈసారి మధ్యాహ్నాలు జంధ్యాల సినిమాలు పెట్టినాను. 1987 నాటి ‘అహ నా పెళ్ళంట’ ఒకరోజు, 1984 నాటి ‘శ్రీవారికి ప్రేమలేఖ’ మర్నాడు.

నవ్వు లెక్క చూస్తే మొదటిదే గెలిచింది. కోట శ్రీనివాసరావు కోడిని పైన వేలాడదీసుకుని, దాన్నే చూస్తూ ఉత్త అన్నం తినే చోట పిల్లోడు మంచం మీద దొర్లినాడు. ఇంక అరగుండు బ్రహ్మానందం! జాతరలో వేషం కట్టినవాళ్ళు ఎంత పెద్దమనిషినైనా తిట్టొచ్చు, అది మొక్కు. ఆ తిట్లు అప్పుడే విని వచ్చిన పిల్లలకు, పిసినారి యజమాని కింద నలిగి లోలోపలే తిట్టుకునే పనివాడి బాధ నేను చెప్పకుండానే అర్థమైంది. ఇంట్లో చిన్నా పెద్దా పదిమంది ఉంటే ఈ సినిమానే పెట్టండి.

కానీ పిల్ల ఒక మాటంది: “పెద్దమ్మా, ఆయప్పను మెప్పించేదానికి రాజేంద్రప్రసాదే అన్నీ చేస్తా ఉండాడు. ఆ అమ్మాయి ఏం చేసిండాది?” నిజమే. రజని పాత్రకు పెద్దగా పని లేదు. కథంతా మామ పిసినారితనం, దానికి అల్లుడు వేసే ఎత్తు, అంతే.

‘ప్రేమలేఖ’లో కథను కదిలించేదే అమ్మాయి. పొత్తూరి విజయలక్ష్మి గారి నవల అది. సరదాకి, లేని మనిషికి పూర్ణిమ రాసిన ఉత్తరం నరేష్ చేతిలో పడుతుంది. రాసిందెవరో తెలియకుండానే ఆ అబ్బాయి ప్రేమలో పడి వెతుక్కుంటూ తిరుగుతాడు. ఫోన్లో నీలం గీతలు పడిందాకా చూసే ఈ పిల్లలకు ఉత్తరం తెలియకపోవచ్చు గానీ, ముఖం చూడని మనిషి కోసం గుండె కొట్టుకోవడం బాగా తెలుసు. ‘లిపిలేని కంటి బాస’ వచ్చినప్పుడు ఇద్దరూ నోరెత్తలేదు. ఇంటిపెద్దగా సుత్తి వీరభద్రరావు కేకలు వేస్తుంటే మాత్రం మళ్ళీ నవ్వులే.

నన్ను ఈ సినిమాకు కట్టేసింది శ్రీలక్ష్మి. ఎవరు దొరికినా, సినిమా కథను పేర్లు పడే దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పే ఆ ఇల్లాలు మా చిన్నత్తే. మా ఇంట్లో టీవీ లేని రోజుల్లో అత్త మొదటాట చూసొచ్చి, వాకిట్లో పప్పు ఏరుతూ ఫైట్లతో సహా చెప్పేది. మేం సగం సినిమాలు ఆమె నోటితోనే చూసినాం. తెర మీద మాట కోస్తాది, మా యాస కాదు. అయినా ఆ పిచ్చి మా ఇంటిదే. పిసినారిని చూసి నవ్వితే అతను మనకు కొంచెం దూరమవుతాడు. శ్రీలక్ష్మిని చూసి నవ్వితే ఆమె మీద ఇష్టం పెరుగుతుంది. ఎన్నిసార్లు చూసినా ‘ప్రేమలేఖ’ నాకు పాతబడకపోవడానికి కారణం ఇదే. పదిహేనేళ్ళ పిల్లలకైతే దాన్నే ముందు చూపించమంటాను.

ఆ రాత్రి మిద్దె మీద పడుకున్నప్పుడు పిల్ల వాళ్ళమ్మకు ఫోన్ చేసింది. సినిమా ఎట్లుందని అడిగినట్టుంది. “ఉండుమా, మొదట పేర్లు పడతాయి కదా...” అని ఎత్తుకుంది.